మొగలు చిత్రసంపుటములలో జంతువులు, వ్రాతలు

క్రీ. శ. 1621 మార్చి నెలలో జహంగీరు చక్రవర్తి సముఖమునకు ఒక వింత జంతువు వచ్చినది. ఆకారమునకు అడవిగాడిద. కాని మూతి మొదలు తోక కొస వరకు ఒంటినిండ నల్లని చారలు. అది నేడు చిన్న తరగతుల బాలురకు సయితము బొమ్మలలో పరిచితమైన జీబ్రా. ఆఫ్రికా ఖండమున మాత్రమే పుట్టు ఈ జంతువును ఆ కాలమున హిందూస్థానములో చూచినవారు మిక్కిలి అరుదు. ఎవరో గాడిదకు రంగు పూసి తెచ్చినారని కొందరు అనుమానించిరి. జాగ్రత్తగా పరీక్షింపగా చారలు పైపూత కావనియు, పుట్టుకతో వచ్చినవే యనియు తేలినది. అటుపిమ్మట చక్రవర్తి ఆ సంగతిని తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

అరుదైన జంతువు గనుక దానిని ఇరాను పాదుషా అగు షా అబ్బాసునకు పంపు కానుకలలో చేర్చిరి. జంతువు వెళ్లిపోయినది, చిత్రము మిగిలినది. దానిని వ్రాసినవాడు ఉస్తాదు మన్సూరు. ఆ చిత్రము నేడు లండనులోని విక్టోరియా - ఆల్బర్టు మ్యూజియములో ఉన్నది. బొమ్మ ప్రక్కన పారశీకమున కొద్దిపాటి వ్రాత కలదు. అది జహంగీరు స్వహస్తముతో వ్రాసినదని పండితుల అభిప్రాయము. మీర్ జాఫరుతో కూడ వచ్చిన రూమీలు, అనగా తురుష్కులు, హబషీ దేశమునుండి తెచ్చిన కంచరగాడిద ఇది అనియు, దీని రూపును ‘నాదిర్-ఉల్-అస్ర్’ ఉస్తాదు మన్సూరు వ్రాసెననియు, హిజరీ 1030 అనియు, పట్టాభిషేకము మొదలు 16వ సంవత్సరమనియు అందున్నది. ఏ జంతువు, ఎక్కడిది, ఎవరు తెచ్చిరి, ఎవరు చిత్రించిరి, ఎప్పుడు? అంతకు మించి ఒక్కమాట లేదు. జంతుశాస్త్ర ప్రయోగశాలలో సీసాలపై అంటించు చీటీలను చూచినవారికి ఈ వ్రాత వెంటనే స్ఫురింపగలదు. కంచరగాడిద అనుట పొరపాటే. అయినను చీటీ చీటీయే.

ఇట్టి చిత్రములు గోడలకు తగిలించుటకు వ్రాసినవి కావు. వాటి స్థానము ‘మురక్కా’ అను చిత్రసంపుటము. మురక్కా అనగా అరబ్బీలో అతుకులు వేసినది అని అర్థము. సూఫీ ఫకీరులు ధరించు అతుకుల అంగీని కూడ ఈ మాటతోనే వ్యవహరింతురు. తెలుగువారి బొంత వంటిదే ఇదియు. వేరువేరు కాలములకు, వేరువేరు దేశములకు చెందిన బొమ్మలను, చేతివ్రాత పత్రములను సేకరించి, కత్తిరించి, ఒకే కొలతగల దళసరి కాగితములపై అతికి, చుట్టును రంగురంగుల అంచులు తీర్చి, వరుసగా కూర్చిన గ్రంథమే మురక్కా. ఇందు కథ లేదు, ఆద్యంతములు లేవు. తెరచినచోటనే చూడవచ్చును.

అయితే ఆ కూర్పునకు ఒక నియమము కలదు. పత్రమునకు ఒకవైపు చిత్రమును, మరియొకవైపు చేతివ్రాతను అతికెదరు. సంపుటమును తెరచినప్పుడు రెండు చిత్రములు ఎదురెదురుగా కనబడును. పుట త్రిప్పగానే రెండు వ్రాతపత్రములు ఎదురెదురుగా వచ్చును. మరల త్రిప్పగా చిత్రములు. కన్ను బొమ్మ నుండి అక్షరమునకు, అక్షరము నుండి బొమ్మకు పోవుచుండును. ఈ రెంటిలో ఆ కాలపువారు ఎక్కువ గౌరవించినది అక్షరమునే. అక్బరు మంత్రియు చరిత్రకారుడునగు అబుల్ ఫజలు తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో చిత్రము సత్యమును సూచింపగలదు గాని అక్షరము పూర్వుల అనుభవమును యథాతథముగ అందించునని చెప్పి, వ్రాతకే పెద్దపీట వేసినాడు.

ఆ వ్రాతలలో అధికభాగము ‘నస్తాలీఖ్’ అను లిపిరీతిలోనివి. 14వ శతాబ్ది తుదిలో ఇరానులో రూపు దిద్దుకొన్న ఈ రీతిలో అక్షరములు గీతపై నిలువబడవు. మాట మొదలు పైన ఉండి, ఏటవాలుగా దిగి, చివరి అక్షరము ఊయెల వలె క్రింద తేలుచుండును. ఒక అక్షరపు తోక క్రిందనే మరియొక మాట తల దూర్చును. చూపునకు ఇది స్వేచ్ఛగా ప్రవహించినట్లుండును గాని నిజమునకు ఖచ్చితమైన క్షేత్రగణితము. ఏటవాలుగా చెక్కిన రెల్లు కలమును కాగితముపై ఒకసారి ఒత్తిన ఏర్పడు వజ్రాకారపు చుక్కయే కొలత. ప్రతి అక్షరపు పొడవు, వంపు, లోతు ఇన్ని చుక్కలని నిర్ణయింపబడియుండును. కలము మొన వెడల్పు మారినచో చుక్క మారును, దానితోపాటు అక్షరమంతయు అదే నిష్పత్తిలో పెరుగును, లేదా తగ్గును. అందుచేతనే చిటికెన వ్రేలంత అక్షరమునకును, జానెడు అక్షరమునకును అందములో భేదముండదు.

ఈ కళలో మొగలు చక్రవర్తులు మిక్కిలి ఆరాధించినవాడు హిరాతు నగరవాసియైన మీర్ అలీ. 16వ శతాబ్ది మొదటి సగమున జీవించిన ఈ లేఖకుని, హిరాతును పట్టుకొన్న ఉజ్బెకులు 1529 ప్రాంతమున బుఖారాకు తీసికొనిపోయిరి. శేషజీవితమును అతడచ్చటనే గడపవలసివచ్చినది. మంచి లేఖకుడు ఆనాటి రాజులకు యుద్ధములో దోచుకొనదగిన సంపద! అతడు గతించిన అనేక సంవత్సరములకు అతని చేతివ్రాత పత్రములను జహంగీరు ఏరి ఏరి సేకరించి తన సంపుటములలో చేర్పించెను. హిందూస్థానములోను గొప్ప లేఖకులుండిరి. అక్బరు ఆస్థానమున కాశ్మీరపు మహమ్మదు హుసేను ‘జర్రీన్ కలమ్’, అనగా బంగారు కలము, అను బిరుదు పొందినాడు.

ఇంతవరకు వచ్చిన పాఠకునకు ఒక ప్రశ్న తోచవలెను. చిత్రమునకు వెనుకనున్న ఆ వ్రాతకును, ముందున్న జంతువునకును సంబంధమేమి? సాధారణముగా ఏ సంబంధమును లేదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో మన్సూరు వ్రాసిన మనుబోతు చిత్రమున్నది. పొడుగు కాళ్లు, వాలు వెన్ను, గొంతుక్రింద వ్రేలాడు రోమపు కుచ్చు, అన్నియు స్పష్టముగా తెలియుచున్నవి. అదే సంపుటములో రాబందుల చిత్రము కలదు, బట్టతల ముడుతలతో సహా. అట్టి పత్రములను త్రిప్పి చూచిన కానవచ్చునది మీర్ అలీ వంటి వారి వ్రాతలో ప్రేమను గూర్చియో, వైరాగ్యమును గూర్చియో పద్యములు! మనుబోతు ఏ అడవిలో దొరకినదో, రాబందు ఏమి తినునో అందు వెదకిన ప్రయోజనము లేదు. కావున ఈ సంపుటములలో వ్రాత రెండు విధములు. మొదటిది వెనుకవైపున బంగారు మేఘముల నడుమ తీర్చిన మహాలేఖనము. రెండవది బొమ్మ అంచున తొందరగా గీకిన ఒకటి రెండు పంక్తులు. మొదటిదానికి రాజులు లక్షలు పోసిరి. శాస్త్రమునకు పనికివచ్చినది రెండవది.

జంతువులను గమనించి వ్రాయుట మొగలుల ఇంట వంశపారంపర్యముగ వచ్చినది. బాబరు తన స్వీయచరిత్రలో హిందూస్థానపు ఏనుగు, ఖడ్గమృగము, నెమలి, మామిడి మొదలైనవాటిని శ్రద్ధగా వర్ణించినాడు. అక్బరు కోరికపై అబ్దుల్ రహీమ్ ఖాన్-ఇ-ఖానాన్ 1589లో ఆ గ్రంథమును తురుష్క భాషనుండి పారశీకమునకు అనువదించెను. దాని ప్రతులకు బొమ్మలు వ్రాసిన చిత్రకారులలో అప్పటికింకను పేరుపొందని మన్సూరు ఒకడు. అతనికది జంతుచిత్రణలో ఓనమాలు దిద్దిన బడి.

1612లో ముఖర్రబ్ ఖాన్ అను ఉద్యోగి గోవా రేవునకు పోయి పోర్చుగీసు వర్తకులవద్ద దొరకిన వింత వస్తువులను, జంతువులను కొని తెచ్చెను. వాటిలో నొకటి టర్కీ కోడి. దాని స్వస్థలము అమెరికా. కొలంబసు ప్రయాణమునకు పూర్వము ఆసియాలో నెవ్వరును ఈ పక్షిని చూచియుండరు. ఆడుపక్షి ఎదుట దాని తల, మెడ ఒకప్పుడు పగడము వలె ఎఱ్ఱబడుటయు, కొంతసేపటికి పత్తి వలె తెల్లబడుటయు, మరికొంతసేపటికి నీలివర్ణమగుటయు జహంగీరు గమనించి, ఊసరవెల్లితో పోల్చి వ్రాసినాడు. చర్మములోని రక్తనాళములు ఉబ్బుట, సడలుట చేతనే ఈ మార్పు కలుగునని నేడు తెలియును. కారణము ఆయనకు తెలియకపోయినను గమనించినది మాత్రము సరియే. ఆ సందర్భముననే ఆయన ఒక ముఖ్యమైన మాట వ్రాసినాడు. తన ముత్తాత బాబరు జంతువులను వర్ణించెనే గాని చిత్రింపజేయలేదనియు, వినిన దానికన్న చూచినది ఎక్కువ ఆశ్చర్యమును కలిగించును గనుక తాను వాటి రూపులను కూడ వ్రాయించుచున్నాననియు దాని సారాంశము. వర్ణన, చిత్రము ఒకదానికొకటి సాక్ష్యముగా నిలువవలెనన్న ఆలోచన ఇది. మన్సూరు వ్రాసిన టర్కీ కోడి బొమ్మయు నేడు విక్టోరియా - ఆల్బర్టు మ్యూజియములోనే ఉన్నది.

మన్సూరును గూర్చి తెలిసినది స్వల్పము. జననమరణ తేదీలు తెలియవు. ‘నాదిర్-ఉల్-అస్ర్’, అనగా ఈ యుగపు అద్భుతము, అను బిరుదు జహంగీరు ఇచ్చినది. 1620లో చక్రవర్తి కాశ్మీరమునకు పోయినప్పుడు మన్సూరు నూటికి పైగా పూలను చిత్రించెనని స్వీయచరిత్రలో కలదు. వాటిలో నేటికి మిగిలినవి బహుకొద్ది. ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో, విండ్సరు కోటయందు, అతని ఊసరవెల్లి ఒకటి ఉన్నది. కొమ్మను పట్టుకొన్న పాదములను చూడుడు. ఊసరవెల్లి వ్రేళ్లు రెండు గుంపులుగా చీలి పట్టుకారువలె పనిచేయును. ఈ విషయమును అతడు పుస్తకములో చదివి వ్రాయలేదు, ప్రాణితో ఉన్న జంతువును దగ్గర కూర్చుండి చూచి వ్రాసినాడు. ఆకుపచ్చని ఒంటిపై ఒక్కొక్క పొక్కును విడివిడిగా చుక్క పెట్టి తీర్చినాడు.

ఆ పనికి సాధనములు సామాన్యమైనవే. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె. అనేక పొరలు అతికి, నునుపు రాతితో మెరుగుదిద్దిన కాగితము. తుమ్మబంకతో కలిపిన రంగులు. బదఖ్షాను గనుల రాజావర్తపు నీలము, నీలిమందు, ఇంగిలీకము, హరిదళము, సీసపు తెలుపు, రాగి చిలుముతో చేసిన పచ్చ. నల్ల సిరాకు దీపపు మసి, బంక చాలును. వీటి రసాయన ధర్మములు సంపుటముల భవిష్యత్తును నిర్ణయించినవి. మసి అనగా కేవలము బొగ్గు, కర్బనము. వెలుతురునకు గాని గాలికి గాని లొంగదు గనుక 400 ఏండ్ల వ్రాతలు నిన్న వ్రాసినట్లే ఉన్నవి. సీసపు తెలుపు గాలిలోని గంధక సమ్మేళనములతో కలిసి నల్లబడును. చిలుము పచ్చ మరియు ప్రమాదకరము. అందలి రాగి, కాగితములోని సెల్యులోజు ఆమ్లజనీకరణమును త్వరపరచి క్రమముగా కాగితమునే తినివేయును. అందుచే కొన్ని ప్రాచీన చిత్రములలో ఆకులున్నచోట చిల్లులు మిగిలినవి. నేడు బొమ్మనుండి ఇసుమంతయు గీకకుండ, కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చిన కిరణములలోని రామన్ ప్రభావమును పరిశీలించి ఏ రంగు ఏ పదార్థమో కనుగొనుచున్నారు.

చిత్రకారుని చూపు ఎట్టిదో, చక్రవర్తి చూపును అట్టిదే. 1618లో అహమ్మదాబాదు ప్రాంతమున ఉండగా జహంగీరు ఒక సారసపక్షుల జంటను గమనించి వ్రాసిన వివరములు నేటికిని పక్షిశాస్త్రజ్ఞులు మెచ్చుకొనదగినవి. చిన్ననాటినుండి పెంచిన ఆ జంటకు లైలా, మజ్నూ అని పేర్లు. ఆడుపక్షి రెండు గ్రుడ్లు పెట్టెను. రాత్రియంతయు అదియే పొదుగుచుండగా మగపక్షి ప్రక్కనే నిలిచి కావలి కాచెడిది. ఒకసారి ముంగిస వంటి జంతువు దగ్గరకు రాగా మగపక్షి వెంటబడి తరిమినది. సూర్యోదయము కాగానే మగపక్షి వచ్చి ముక్కుతో ఆడుదాని వీపును తట్టును. ఆడుది లేచును, మగది కూర్చుండును. పొదుగు కాలము 34 దినములకు తక్కువ కాలేదని ఆయన లెక్కించెను. నేటి గ్రంథములు 31 నుండి 34 దినములని చెప్పుచున్నవి. ఈ విషయములన్నియు ఎవరినో అడిగి వ్రాసినవి కావు. సేవకులను కావలి ఉంచి, తాను స్వయముగా పోయి చూచి, తేదీలు వేసి వ్రాసికొన్నవి.

ఏనుగు గర్భధారణ కాలమును గూర్చియు ఆయన ప్రజల నమ్మకమును విడిచి పరీక్షకు దిగినాడు. తన శాలలోని ఏనుగులను గమనింపజేసి, ఆడుపిల్లకు 18 నెలలు, మగపిల్లకు 19 నెలలు అని తేల్చెను. ఆసియా ఏనుగునకు 18 నుండి 22 నెలలు పట్టునని నేటి లెక్క. చీతాల సంగతి మరియు విశేషమైనది. అక్బరు 1000 చీతాలను చేరదీసియుండెను. అవి ఈనవలెనని ఎంత కోరినను ఒక్కటియు ఈనలేదు. జహంగీరు కాలమున మాత్రము ఒక చీతా మూడు కూనలను పెట్టినది. ఆయన దానిని వింతగా ఎంచి వ్రాసి పెట్టెను. ఆ తరువాత బంధములోనున్న చీతా ఈనిన సంగతి మరల శాస్త్రలోకమునకు తెలిసినది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో.

ఇంతటి పరిశీలకుని మహర్షిగా ఊహించుకొనుట పొరపాటు. 12వ ఏటినుండి 11వ పాలనాసంవత్సరము, అనగా 1616-17, వరకు తన సముఖమున వేటాడబడిన జంతువులను ఆయన లెక్కింపజేయగా 28,532 తేలినవి. వాటిలో 17,167 తాను స్వయముగా చంపినవి. అందు నాలుగుకాళ్ల జంతువులు 3,203, పక్షులు 13,964. సారసపు గ్రుడ్లను లెక్కించిన బుద్ధియే దీనిని కూడ లెక్కించినది. ఆయన నిర్ణయములన్నియు సరియైనవియు కావు. సింహమునకు ధైర్యమెందుకు ఎక్కువ అని తెలిసికొనుటకు దానిని కోయించి, ఇతర జంతువులకు పిత్తాశయము కాలేయమునకు వెలుపలనుండగా సింహమునకు లోపలనున్నదనియు, ధైర్యమునకు అదియే కారణము కావచ్చుననియు భావించెను. కోసి చూచుట మంచిదే. ధైర్యమును పిత్తాశయములో వెదకుట ఆనాటి వైద్యపు ప్రభావము.

ఇంత గమనించి, ఇంత వ్రాసి, ఇంత చిత్రించిన తరువాత హిందూస్థానములో జంతుశాస్త్రము ఏల పుట్టలేదు? ఈ ప్రశ్నకు సంపుటము తన రూపముతోనే కొంత జవాబు చెప్పుచున్నది. మురక్కా ప్రతి ఒక్కటే. అది రాజభాండారములో, పట్టువస్త్రములో చుట్టబడి ఉండును. దానిని చూచుటకు అర్హులు చక్రవర్తియు, ఆయన పిలిచిన కొందరును మాత్రమే. అహమ్మదాబాదులో సారసమును గమనించిన సంగతిని లాహోరులోని పండితుడు చదివి, తన ఊరి పక్షులతో పోల్చి, ఔననియో కాదనియో వ్రాయుటకు మార్గము లేదు. జహంగీరు స్వీయచరిత్ర పారశీక మూలము మొదటిసారి అచ్చయినది 1863-64లో, సయ్యదు అహమ్మదు ఖాను చేత. అప్పటికి రచయిత మరణించి 230 ఏండ్లు దాటినవి.

అచ్చుయంత్రము అందుబాటులో లేదా అన్న, ఉన్నది! టర్కీ కోడి వచ్చిన ఆ గోవాలోనే 1556 నుండి పోర్చుగీసువారి ముద్రణాలయము పనిచేయుచుండెను. ఐరోపా అచ్చుబొమ్మలను మొగలు చిత్రకారులు ఆసక్తితో నకలు చేసిరి, సంపుటములలో అతికిరి. కాని యంత్రమును తెప్పించుకొనలేదు. దీనికి కారణములు పెక్కు. వాటిలో లేఖనకళయు ఒకటి అనక తప్పదు. వేలకొలది లేఖకులు ఉన్నచోట అచ్చుకు తొందరయేమి? అంతేగాక నస్తాలీఖ్ అక్షరములు ఒకదాని భుజముపై ఒకటి వ్రాలియుండును. వాటిని సీసపు దిమ్మెలుగా విడదీసి వరుసగా పేర్చుట మహాకష్టము. అట్లు పేర్చిన అక్షరములు ఆ లిపికి అలవాటుపడిన కంటికి వికారముగ కనబడును. 19వ శతాబ్దిలో రాతియచ్చు వచ్చి, కాతిబు చేతివ్రాతను ఉన్నది ఉన్నట్లు ముద్రించు అవకాశము కలిగిన పిమ్మటనే ఈ లిపిలో పుస్తకములు విరివిగా వెలువడినవి. హైదరాబాదు ఉర్దూ పత్రికలును బహుకాలము కాతిబులు చేతితో వ్రాయగా అచ్చయినవే. 1981లో కంప్యూటరు నస్తాలీఖ్ వచ్చిన తరువాత గాని ఆ వ్యవస్థ సడలలేదు. సంపుటమునకు సౌందర్యమును ప్రసాదించిన లిపియే జ్ఞానవ్యాప్తికి ఒక అడ్డుగోడ అయినదనుట కఠినముగా తోచవచ్చును గాని నిజము.

దీనికి ప్రతిగా ఐరోపాలో జరిగినదేమి? 1515లో గుజరాతు సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగము గోవా మీదుగా లిస్బను నగరమునకు చేరినది. జర్మనీలోని డ్యూరరు దానిని చూడకయే, ఇతరులు పంపిన వర్ణనను, రేఖాచిత్రమును బట్టి చెక్క అచ్చుబొమ్మ తయారుచేసెను. ఒంటిపై ఉక్కు కవచపు పలకలు, భుజముపై లేని కొమ్ము! మన్సూరు చేతిలో ఇట్టి తప్పు దొర్లి ఉండెడిది కాదు. కాని డ్యూరరు బొమ్మ అచ్చుపడి ఐరోపా అంతయు వ్యాపించినది. గెస్నరు 1551 నుండి వెలువరించిన జంతుచరిత్ర గ్రంథములోనికి ఎక్కినది. తప్పు అందరి ఎదుట ఉన్నందున, నిజమైన ఖడ్గమృగమును చూచినవారు దానిని దిద్దగలిగిరి. మన్సూరు ఒప్పు మాత్రము భాండారములోనే ఉండిపోయినది.

కలకత్తాలోని ఇండియన్ మ్యూజియములో మన్సూరు వ్రాసిన సైబీరియా కొంగ బొమ్మ ఉన్నది. తెల్లని దేహము, ఎఱ్ఱని మొగము, కాళ్లపై ముడుతలు, అన్నియు తప్పులేకుండ ఉన్నవి. కాని ఆ పక్షికి శాస్త్రీయనామము పెట్టిన ఖ్యాతి 1773లో ప్రకటించిన పల్లాసునకు దక్కినది. మన్సూరు చిత్రము దానికి సుమారు 150 ఏండ్లు ముందుది. అట్లే అతడు వ్రాసిన బెంగాలు ఫ్లారికన్ పక్షి 1789లో గాని శాస్త్రీయనామము పొందలేదు. ఇందు ఎవరి మోసమును లేదు. జంతువుల నామకరణమున మొదట చూచినవానికి గాక మొదట ప్రకటించినవానికే ప్రాధాన్యమని నియమము. శీతకాలమున హిందూదేశమునకు వలసవచ్చు ఆ కొంగలు 2002 తరువాత భరత్‌పూరు చిత్తడినేలలకు రాలేదు. చిత్రము మాత్రము కలకత్తాలో ఉన్నది.

సంపుటములు భాండారములలో శాశ్వతముగ నిలువలేదు. 1739లో నాదిర్‌షా ఢిల్లీని కొల్లగొట్టి తీసికొనిపోయిన సొత్తులో అవియు కొన్ని పోయినవి. జహంగీరు యువరాజుగా ఉన్ననాటినుండి కూర్పించిన ‘గుల్షన్’ మురక్కా అధికభాగము నేడు టెహరానులోని గులిస్తాన్ భవన గ్రంథాలయములో ఉన్నది. మరికొన్ని పత్రములు బెర్లినుకు చేరినవి. జీబ్రా బొమ్మ ఉన్న సంపుటము ఒకప్పటి గవర్నరు జనరలు మింటో ప్రభువు వంశమువారిది. 1925లో దానిని వేలము వేయగా పత్రములు లండనుకు, డబ్లినులోని చెస్టర్ బీటీ సేకరణకు చీలిపోయినవి. మనుబోతు, రాబందులు ఉన్న సంపుటము 1929లో స్కాట్లండు దేశమున ఒక పాతసామానుల అంగడిలో బయటపడినది! దాని 50 పత్రములలో 41 న్యూయార్కులోను, 9 వాషింగ్టనులోను ఉన్నవి. పరిశీలింపగా అందు కొన్ని జహంగీరు, షాజహానుల కాలపువనియు, మరికొన్ని 19వ శతాబ్ది ప్రారంభమున తయారైన నకళ్లనియు తెలిసినది. తన ఎదుట ఏ బొమ్మ పెట్టినను ఎవరు వ్రాసినదో చెప్పగలననియు, ఒకే ముఖములో కన్ను ఒకరు, కనుబొమ్మ ఒకరు వ్రాసినను గుర్తింపగలననియు జహంగీరు గొప్పగా చెప్పుకొనెను. ఆయన లేని లోటు మ్యూజియముల పండితులకు తెలియును. దూరదేశములకు పోలేని విద్యార్థులు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో పారశీక లేఖనమును, సూక్ష్మచిత్రములను చూచి, ఈ కళ ఎట్టిదో కొంత గ్రహింపవచ్చును.

ఇట్లు చెదరిపోయిన చిత్రములలో ఒకటి రష్యాకు చేరినది. 1958లో ఇవనోవ్ అను రష్యను పండితుడు ఆ చిత్రమును గూర్చి ఒక పక్షిశాస్త్ర పత్రికలో ప్రకటించినప్పుడు శాస్త్రజ్ఞులు ఉలికిపడిరి. అందు కొన్ని పక్షులున్నవి. పై మూలలో చిన్న చిలుక, హిమాలయపు ట్రాగోపాన్; క్రింద పట్టెతల బాతులు, ఇసుక పక్షుల జంట. నడుమ మాత్రము లావైన వంకర ముక్కు, బరువైన దేహము, కురుచ రెక్కలు గల ఒక గోధుమవన్నె పక్షి! అది డోడో. మారిషస్ ద్వీపమున మాత్రమే ఉండిన ఈ ఎగరలేని పక్షిని 1598లో డచ్చి నావికులు కనుగొనిరి. ఆ తరువాత 60, 70 ఏండ్లలో నరులు, వారితో వచ్చిన పందులు, కోతులు, ఎలుకలు దానిని నిర్మూలించినవి. నమ్మదగిన కడపటి దర్శనము 1662లోనిది. ఐరోపా చిత్రకారులు వ్రాసిన డోడోలు పెక్కు ఒకదానిని చూచి ఒకటి నకలు చేసినవియు, అతిస్థూలమైనవియు. ఈ మొగలు చిత్రములోని డోడో బ్రదికియున్న పక్షిని చూచి వ్రాసినదనియు, ఉన్న బొమ్మలన్నిటిలో నమ్మదగినవానిలో ఒకటియనియు శాస్త్రజ్ఞులు ఎంచుచున్నారు. ఆ కాలమున సూరతు రేవులో రెండు డోడోలను తాను చూచితినని పీటర్ మండీ అను ఆంగ్ల యాత్రికుడు వ్రాసియుండుట దీనికి బలము.

చిత్రము సుమారు 1625 నాటిదని, మన్సూరు వ్రాసినదని అనుకొనుచున్నారు. అనుకొనుటయే గాని అందు చిత్రకారుని సంతకము లేదు. జీబ్రా ప్రక్కన ఉన్నట్లు, ఎవరు తెచ్చిరి, ఏ దేశమునుండి, ఏ సంవత్సరము అను ఆ రెండు పంక్తులు డోడో ప్రక్కన ఉన్నచో, అంతరించిపోయిన ఆ పక్షి మొగలు ఆస్థానమునకు ఎప్పుడు, ఏ ఓడలో వచ్చినదో శాస్త్రజ్ఞులు తర్కించుకొనవలసిన పని ఉండెడిది కాదు.